చుక్కానికి కట్టిన జకార్డు దారం

ఆ సర్వో కాలిపోలేదు. ముందే చెప్పేస్తున్నాను. దాదాపు నెల రోజుల పాటు అది కాలిపోయిందని, కాల్చింది నేనేనని ఒక మనిషి నలుగురిలో చెప్పుకుంటూ తిరిగాడు. ఇన్నేళ్లకు దాని గురించి రాయడానికి కూర్చుంటే మొదట చేతికి వచ్చిన వాక్యం ఇదే. రాయగానే ప్రాణం కాస్త కుదుటపడింది.

అప్పుడు నేను వనపర్తిలో ఒక సాంకేతిక కళాశాలలో ల్యాబ్ అసిస్టెంటుని. కాంట్రాక్టు కొలువు. ఏటా వానాకాలంలో ఒక కాగితం వస్తుంది, దాని మీద మా విభాగం లెక్చరర్ సంతకం పెడితే ఇంకో ఏడాది ఉంటాను, పెట్టకపోతే గద్వాలకు వెళ్లి మా అక్క పక్కన మగ్గంలో కూర్చోవాలి. మాది నేత ఇల్లు. నాన్న పోయాక మగ్గాన్ని అక్క నిలబెట్టింది. ఆమె చీర నేస్తే అంచుకూ ఒంటికీ మధ్య అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా దొరకదు. నాకు ఆ పని రాలేదు. పద్నాలుగేళ్లప్పుడు నేను నేసిన మూరెడు బట్టను మా పెద్దనాయన వెలుతురుకు పట్టి చూసి, ఇంటికొచ్చిన షావుకారు ముందే, "నీ చేతికి బిగువు రాదురా, వేరే పని చూసుకో" అన్నాడు. షావుకారు నవ్వాడు. ఆ నవ్వు ఎన్ని పళ్లతో నవ్వాడో కూడా నాకు గుర్తుంది. అందుకే రేడియోల పని నేర్చుకున్నాను, అందుకే వనపర్తి వచ్చాను.

ఇక పడవ. అది మా కళాశాలలో చదివి వెళ్లిపోయిన ఒక బ్యాచి వాళ్లు ఫైబరుతో పోత పోసి చేసింది. రెండు మూరల పొడవు ఉంటుంది. లోపల మోటారు, బ్యాటరీ, రేడియో సంకేతం అందుకునే చిన్న పెట్టె ఉంటాయి. వాటితో పాటు సర్వో. సర్వో అంటే అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదైన నల్లటి పెట్టె. దాని లోపల చీమంత మోటారు, పళ్ల చక్రాలు. పైన తెల్లటి ప్లాస్టిక్ చెయ్యి ఒకటి. ఒడ్డున నిలబడ్డ మనిషి తన చేతిలోని రిమోటు పుల్లను ఎంత పక్కకు వంచితే పడవలో ఈ తెల్ల చెయ్యి అంతే తిరగాలి, వెంటనే తిరగాలి. చెయ్యి తిరిగితే వెనకాల చుక్కాని తిరుగుతుంది, చుక్కాని తిరిగితే పడవ తిరుగుతుంది. పడవ మొత్తంలో ఎటు తిరగమంటే అటు తిప్పేది అదొక్కటే. మిగతావన్నీ ముందుకు నెట్టేవే.

ఆ ఏడాది నాగర్‌కర్నూలులో చుట్టుపక్కల కళాశాలలన్నీ కలిసి ఒక ఎగ్జిబిషన్ పెట్టాయి. మా లెక్చరర్ పడవను బయటికి తీయించాడు. చెరువులో మూడు జెండాలు పాతుతారట, పడవ వాటి చుట్టూ తిరిగి రావాలట. ఎక్కువసేపు నడవాలని ఆయన పెద్ద బ్యాటరీ తెప్పించాడు. అది పడవ మధ్యలో తప్ప ఎక్కడా పట్టలేదు. మధ్యలో పెడితే సర్వో నుంచి చుక్కానికి పోయే ఇనుప కడ్డీకి దారి మూసుకుపోయింది. రెండు రోజులు ఆయన బ్యాటరీని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మూడో రోజు నేనే చెప్పాను, కడ్డీ తీసేద్దాం, సర్వో చేతికి రెండు పక్కలా రెండు దారాలు కట్టి పడవ గోడల వెంట వెనక్కి తీసుకుపోయి చుక్కానికి రెండు పక్కలా కడదాం, ఎద్దుకు పగ్గాల్లాగా ఒకటి లాగితే ఒకటి వదులుతుంది అని. ఆయన కాసేపు చూసి, "చేసి చూపెట్టు" అన్నాడు. బాగుంది అనలేదు. అనడు.

దారం మా ఇంటి నుంచే తెచ్చాను. మగ్గం పైన పూల కోసం పోగులను లేపే జకార్డు పెట్టె నుంచి, పడుగు అనే నిలువు పోగుల మీదికి వేలాడే దారాలుంటాయి, నూలువే, బాగా పురి పెట్టి గట్టిగా ఉంటాయి. రోజుకు వేల సార్లు లేచి దిగినా తెగవు. అక్క దగ్గర మిగిలిన చుట్టలోంచి రెండు బారలు కోసుకొచ్చాను. సెలైన్ పైపు ముక్కలు గోడలకు అతికించి వాటిలోంచి దారాలు పోనిచ్చాను. ముడులు నేతవాళ్ల ముడులే వేశాను. మీటితే తీగలా మోగేంత బిగించి కట్టాను. నా చేతికి బిగువు రాదని ఇంకెవరూ అనకూడదు.

ల్యాబులో బల్ల మీద పెట్టి పుల్ల వంచితే చుక్కాని టక్కున తిరిగింది. సిమెంటు తొట్టిలో నీళ్లు పోసి రెండు నిమిషాలు చూశాం, బాగుంది. స్థానిక విలేకరి ఒకాయన వచ్చి ఫొటో తీస్తానంటే లెక్చరర్ పడవను రెండు చేతుల మీద పట్టుకుని నిలబడ్డాడు. నేను పక్కనే ఉన్నాను. "జర పక్కకు జరుగవయ్యా, నీడ పడుతుంది" అన్నాడు లెక్చరర్. మధ్యాహ్నం పన్నెండు గంటలకు నా నీడ నా కాళ్ల కిందే ఉంది. జరిగాను.

అసలు పరీక్ష గోపాల్‌పేట దారిలో ఉన్న ఒక చెరువులో. కళాశాల జీపులో లెక్చరర్ ముందు కూర్చున్నాడు, నేను వెనక పడవను ఒళ్లో పెట్టుకున్నాను. ఒడ్డున బర్రెలు మేపుకునే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. మొదటి ఐదు నిమిషాలు పడవ చెప్పినట్టు విన్నది. లెక్చరర్ చెయ్యెత్తి చూపించి మరీ తిప్పాడు. పది నిమిషాలయ్యేసరికి మందగించింది. పుల్ల కుడికి వంచితే ఒక లోటా నీళ్లు తాగేంత సేపటికి చుక్కాని కదులుతుంది. అప్పటికి పడవ ఎటో పోయి ఉంటుంది. మధ్యకు రమ్మని పుల్ల వదిలితే రాదు. చివరికి తిన్నగా వెళ్లి తుంగలో దూరింది. బర్రెలాయన పంచె ఎగగట్టి నీళ్లలో దిగి, దాన్ని కోడిపిల్లను పట్టినట్టు చంకలో పెట్టుకుని తెచ్చాడు.

"సారూ, దీనికి ముకుతాడు ఎయ్యండ్రి. చెప్పిన మాట ఇంటది" అన్నాడు.

లెక్చరర్ నవ్వలేదు. పడవ మూత తీసి సర్వో మీద వేలు పెట్టి చూశాడు. అది వెచ్చగా ఉంది. వేలు నా వైపు తిప్పి, "కాలబెట్టినవ్" అన్నాడు.

"వేడెక్కింది సార్, కాలలే" అన్నాను.

"కాలకుంటే తిరగాలె గద. ఏం తిరిగింది? చూడు, ఎగ్జిబిషన్ల గిట్లనే చేస్తే నీ కాగితం మీద నేను సంతకం పెట్టలేను. ప్రిన్సిపాల్ సార్ అడిగితే ఏమని చెప్పాలె నేను? మిషన్లు కాలబెట్టేటోని ఉంచుకోమని చెప్పాల్నా?"

ఎగ్జిబిషన్‌కు ఇంకా ఇరవై ఆరు రోజులున్నాయి. ఇంటికి పోయే జీపులో ఆ లెక్క చేసుకున్నాను.

మర్నాడు పొద్దున ల్యాబు తలుపు తీసి పడవను బల్ల మీద పెట్టి బ్యాటరీ తగిలించాను. పుల్ల వంచాను. చుక్కాని టక్కున తిరిగింది. ఎడమకు, కుడికి, మళ్లీ ఎడమకు తిప్పాను. కొత్త పెళ్లికొడుకులా చురుగ్గా తిరుగుతోంది. లెక్చరర్‌ను పిలిచి చూపించాను. ఆయన చూసి, "చెరువు కాడ ఎందుకు తిరగలే మరి?" అని వెళ్లిపోయాడు. అది నన్ను అడిగాడో, తప్పు పట్టాడో తెలియలేదు. తప్పు పట్టాడనే రాసుకున్నాను.

అప్పటి నుంచి నా పరేషాన్ మొదలైంది. ల్యాబులో బాగుంటుంది, చెరువులో ఉండదు. బ్యాటరీ దిగిపోతోందేమోనని మీటరు పెట్టి చూశాను, ఉండాల్సినంత ఉంది. రేడియో సంకేతం దూరానికి అందడం లేదేమోనని ఏరియల్ తీగను కర్రకు కట్టి పైకి లేపాను. మోటారు నుంచి వచ్చే విద్యుత్ గోల సంకేతాన్ని చెడగొడుతోందేమోనని మోటారుకు చిన్న కెపాసిటర్లు అతికించాను. సర్వోను విప్పి పళ్ల చక్రాలు ఒక్కొక్కటి తీసి పెట్రోలులో పాత టూత్‌బ్రష్‌తో కడిగి, కుట్టు మిషన్ నూనె చుక్క వేసి మళ్లీ కూర్చాను. ప్రతిసారీ బల్ల మీద బంగారంలా పనిచేసేది. రెండుసార్లు మళ్లీ చెరువుకు వెళ్లాం. రెండుసార్లూ పది నిమిషాలకు అదే తీరు.

మోటారు వేగం పెంచి తగ్గించడానికి పడవలో ఇంకో సర్వో ఉంటుంది. రెండూ ఒకే రకం, ఒకేసారి కొన్నవి. రెంటినీ అటూ ఇటూ మార్చి దాన్ని చుక్కానికి పెట్టాను. నాలుగోసారి చెరువుకు వెళ్తే అదీ మందగించింది. ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పకుండా దాటలేను. రెండు వేర్వేరు సర్వోలు ఒకే చోట ఒకేలా మొండికేస్తే తప్పు సర్వోలది కాదని, సర్వో బయట ఇంకేదో ఉందని రేడియో విప్పే ఎవడికైనా తోచాలి. నాకు తోచింది వేరు. రెండూ నాసిరకమే, దుకాణం వాడు మమ్మల్ని మోసం చేశాడు. అంతకుముందు నా మీద నింద పడుతోంది, ఇప్పుడు మోయడానికి ఇంకొకడు దొరికాడు. ఆ సంతోషంలో బుర్ర పనిచేయలేదు.

అవి హైదరాబాదులో కోఠి దగ్గర ఒక చిన్న దుకాణంలో కొన్నవి. వాళ్లకు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. ఎస్‌టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాను. ఎత్తిన మనిషి నా మాట సగం కూడా విన్నాడో లేదో, "ముందుగాల ఆడుకునుడు నేర్చుకొని ఫోన్ చెయ్ భాయ్" అని పెట్టేశాడు. నాకప్పుడు ముప్పై మూడేళ్లు. బూత్ అద్దంలో నా ముఖం నాకే కనిపిస్తోంది. ఆ సాయంత్రమే రెండో ఉత్తరం రాశాను, వారం తర్వాత మూడోది. మూడో దాంట్లో వినియోగదారుల ఫోరం పేరు ఎత్తాను. రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకున్నాను. లెక్చరర్‌కు ఆ రసీదు చూపిస్తే, "నువ్వు ఉత్తరాలు మంచిగ రాస్తవయ్యా. పడవ తిరగదు గని" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ముగ్గురు.

ఎగ్జిబిషన్‌కు తొమ్మిది రోజులుండగా ఆదివారం గద్వాలకు వెళ్లాను. పెబ్బేరు దాటినప్పటి నుంచే ముసురు. బీచుపల్లి వంతెన మీద బస్సు అద్దం తుడిచినా కృష్ణ కనిపించలేదు. ఇంట్లోకి వెళ్లేసరికి అక్క గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చుంది. నేను గోడకు ఆనుకుని కూర్చుని మొదలుపెట్టాను. లెక్చరర్ అన్నది, దుకాణం వాడు అన్నది, బర్రెలాయన అన్నది, వరసగా, ఎవరు ఏ రోజు ఏం అన్నారో పొల్లు పోకుండా చెప్పాను. అక్క వింటూనే నేస్తోంది. నేను ఏదైనా మొదలుపెడితే ముగించేదాకా ఆపడం కుదరదని ఆమెకు తెలుసు.

మధ్యలో ఆమే ఆగింది. పేక, అంటే అడ్డపోగు, దూర్చడానికి తెరుచుకోవాల్సిన పడుగు సరిగ్గా తెరుచుకోవడం లేదు. కొన్ని పోగులు కిందికి దిగకుండా పైనే నిలబడుతున్నాయి. ఆమె విసుగ్గా గుంటలోంచి లేచి, జకార్డు కింద నిలబడి, వేలాడే దారాల వరస మీద అరచేయి ఆనించి అటూ ఇటూ ఆడించింది. తర్వాత కట్టెకున్న ముడిని కాస్త వదులు చేసింది.

"ఏమైంది?" అన్నాను, నా కథకు అడ్డం వచ్చిందన్న చిరాకుతో.

"ఏమైతది, ముసురు పట్టింది గద. దారాలు గుంజుకున్నయ్. ఎండ గొట్టినంక మల్ల జారుతయ్. వానకాలమంత గిదే కొట్లాట నాకు."

నేను చెబుతున్నది ఆపేశాను. ఆమె మళ్లీ కూర్చోబోతూ నా ముఖం చూసింది.

"గా పడవకు గిదే దారం కట్టినవా?"

నేను పైన వేలాడే దారాల వైపు చూశాను.

"తమ్మీ, దాన్ని తీస్కపోయి చెర్ల ఏసినవా?" అంది. ఆ తర్వాత ఆమె నవ్వడం మొదలుపెట్టింది. మగ్గం పలక పట్టుకుని నవ్వింది. కళ్లు తుడుచుకుని, "ఎంత బిగువు కట్టినవ్?" అని అడిగింది.

"పడుగంత."

"పడుగు బిగువు బట్టకు. మీదికి లేసి కిందికి దిగేదానికి బిగువు ఎందుకురా? మీటితే మోగిందా? మోగినంకనన్న తెల్వలేదా?"

ఇంకెవరైనా ఆ మాట అని ఉంటే తేదీతో సహా రాసిపెట్టుకునేవాణ్ని. అక్క నవ్వును మాత్రం ఎక్కడా రాసుకోలేదు. రాసుకోవడానికి తీరిక కూడా లేదు. అప్పటికే లేచి చుట్టలోంచి దారం ముక్క కోస్తున్నాను. మగ్గం పలక పొడవు దాన్ని చాచి, రెండు చివరల దగ్గరా బొగ్గుతో గీత పెట్టాను. లోటాలో ముంచి, పిండి, మళ్లీ చాచాను. బొటనవేలి వెడల్పంత పొట్టిదైంది. ఇంకోసారి చూశాను. అంతే. పురి పెట్టిన నూలు నీళ్లు తాగి లావెక్కితే పొడవులో తగ్గుతుంది. మా ఇంట్లో పుట్టిన ఏ మనిషికైనా ఇది పాలతో పాటే వచ్చిన సంగతి. నాకూ తెలుసు. కాకపోతే అది మగ్గం సంగతిగా తెలుసు, పడవ సంగతిగా తెలియదు.

చెరువులో జరిగింది కళ్ల ముందుకు వచ్చింది. చుక్కాని ఇరుసు దిగే కన్నం లోంచి పడవలోకి కొంచెం నీళ్లు వస్తాయి, అది మామూలే. ఐదు నిమిషాలకు దారాలు తడుస్తాయి. ముందే తీగలా ఉన్నవి ఇంకా గుంజుకుంటాయి. రెండు పక్కల నుంచీ రెండు దారాలు సర్వో చేతిని వెనక్కి లాగి పట్టుకుంటాయి. పాపం ఆ చీమంత మోటారు ఎంతని లాగుతుంది? వేడెక్కుతుంది, మెల్లగా తిరుగుతుంది. మర్నాటికి ల్యాబులో దారాలు ఆరిపోతాయి. మేం చెరువు నుంచి వచ్చేసరికి సాయంత్రమయ్యేది, పడవను ల్యాబులో పెట్టి తాళం వేసి వెళ్లేవాళ్లం. తడిగా ఉండగా దారాలు విప్పి సర్వోను ఒంటరిగా తిప్పి చూడాలని ఇన్ని రోజుల్లో ఒక్కసారీ అనుకోలేదు. అనుకుని ఉంటే మొదటి రోజే తేలిపోయేది.

కానీ ఒక భయం మిగిలే ఉంది. మూడుసార్లు అంత బరువు లాగి అంత వేడెక్కిన సర్వో లోపల నిజంగానే కాలిందేమో. అప్పుడు లెక్చరర్ అన్న మాటే నిజమవుతుంది. కాల్చింది నేనే, నా దారమే, నా ముడే. ఆ రాత్రి అక్కడే ఉండి, పొద్దున మొదటి బస్సు పట్టుకున్నాను.

ల్యాబుకు చేరేసరికి ఎవరూ రాలేదు. పడవను బల్ల మీద పెట్టి మొదట ఉంచిన సర్వోనే మళ్లీ చుక్కానికి బిగించాను, పాత దారాలతోనే, అదే బిగువుతో. పుల్ల వంచాను, టక్కున తిరిగింది. అప్పుడు గుడ్డను నీళ్లలో ముంచి దారాల మీద పిండాను, పైపుల్లోకి కూడా నీళ్లు పోయాను. గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. ఆరు నిమిషాలకు సర్వో మూలగడం మొదలుపెట్టింది. ఎనిమిది నిమిషాలకు తెల్ల చెయ్యి ముసలెద్దులా కదిలింది. చెరువు లేకుండా, బర్రెలు లేకుండా, నా బల్ల మీద, నా కళ్ల ముందు అదే జబ్బు. కత్తెర తీసుకుని ఒక దారం కోశాను, రెండోదీ కోశాను.

పుల్ల వంచాను.

తెల్ల చెయ్యి చివరిదాకా టక్కుమని వెళ్లి ఆగింది. ఎడమకు, కుడికి, మధ్యకు. ఎక్కడ ఆపితే అక్కడ. నేను పదిసార్లు కాదు, లెక్క మరిచిపోయేన్నిసార్లు తిప్పాను. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను, కాలిన వాసన లేదు. పెట్టె విప్పి చీమ మోటారు తీగలు భూతద్దంతో చూశాను, రాగి రంగు రాగి రంగులాగే ఉంది. స్టూలు మీద కూర్చుండిపోయాను. రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకున్నాను. ఇన్ని రోజులుగా మెడ మీద ఎవరో కూర్చున్నట్టు ఉండేది. వాడు దిగి వెళ్లిపోయాడు.

బజారుకు వెళ్లి గాలం వేసే నైలాన్ దారం తెచ్చాను. దాన్నీ ముందు నీళ్లలో నానబెట్టి కొలిచాను, మారలేదు. చుక్కానికి కట్టేటప్పుడు జొన్న గింజంత వదులు ఉంచాను. చెప్పడానికి తేలిక, చేయడానికి నా వేళ్లు ఒప్పుకోలేదు. ముడి వేస్తుంటే వేళ్లు వాటంతటవే బిగించేస్తాయి. నాలుగుసార్లు విప్పి కట్టాల్సి వచ్చింది.

లెక్చరర్ వచ్చాక చెప్పాలా వద్దా అని అరగంట తన్నుకులాడాను. చెబితే తప్పు నాదేనని నా నోటితో ఒప్పుకున్నట్టు. చెప్పకపోతే ఆయన దృష్టిలో కాలిన సర్వో కాలినట్టే ఉంటుంది. చివరికి చెప్పాను. నూలు దారం తడిసి బిగుసుకుంటోంది సార్, మార్చినాను, సర్వో మంచిగుంది అన్నాను. కోసిన దారాలు ముందు పెట్టాను. ఆయన వాటిని పెన్నుతో కదిలించి చూసి, "నీళ్లల్ల చూపెట్టు, అప్పుడు నమ్ముత" అన్నాడు. ఆ వారమంతా వాన. కళాశాల జీపు వేరే పని మీద తిరిగింది. తొట్టిలో అరగంట నడిపి చూపించాను, తొట్టి చెరువు కాదన్నాడు. అలా నీళ్లలో అసలు పరీక్ష లేకుండానే ఎగ్జిబిషన్ రోజు వచ్చింది.

నాగర్‌కర్నూలు చెరువు నిండుగా ఉంది. కట్ట మీద షామియానాలు, మైకు, చుట్టుపక్కల ఊళ్ల జనం. లింగాల నుంచి వచ్చిన రైతులు కొందరు బస్సు దిగి నేరుగా కట్ట ఎక్కారు. నీళ్లలో మూడు జెండాలు. రిమోటు లెక్చరర్ చేతిలో ఉంది. నేను మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి పడవను వదిలాను. నా చేతిలో ఏమీ లేదు, చేయగలిగిందేమీ లేదు. చేతి గడియారం మాత్రం చూసుకుంటున్నాను.

ఐదు నిమిషాలు. బాగుంది. అప్పుడూ బాగానే ఉండేది.

ఎనిమిది నిమిషాలు. మొదటి జెండా చుట్టూ తిరిగింది. అలలు తగిలి ముందు భాగం మునిగి లేచింది. లోపల నీళ్లు చేరే ఉంటాయి.

పది నిమిషాలు దాటాయి. లెక్చరర్ రెండో జెండా దగ్గర పుల్లను ఒక్కసారిగా కుడికి కొట్టాడు. నన్ను పరీక్షించడానికే కొట్టాడని ఇప్పటికీ అనుకుంటాను. పడవ జెండా గుడ్డకు రాసుకునేంత దగ్గరగా టక్కున తిరిగింది. వెంటనే ఎడమకు కొట్టాడు. తిరిగింది. కట్ట మీద ఎవరో ఈల వేశారు. పద్దెనిమిది నిమిషాలకు మూడో జెండా కూడా చుట్టి, నీళ్లను రెండుగా చీల్చుకుంటూ నేరుగా నా కాళ్ల దగ్గరికి వచ్చి ఆగింది. నేను దాన్ని ఎత్తుకున్నాను. మూత తీసి ముందు సర్వో మీద వేలు పెట్టాను. చల్లగా ఉంది. పడవలో గ్లాసెడు నీళ్లున్నాయి, దారాలు మునిగి ఉన్నాయి, జొన్న గింజంత వదులు అలాగే ఉంది. నాకు ఏడుపు వచ్చేలా ఉంటే వంగి ముఖం కడుక్కున్నాను.

నేను కట్ట ఎక్కేసరికి లెక్చరర్ వేరే కళాశాలల వాళ్లకు వివరిస్తున్నాడు. నూలు దారం తడిస్తే గుంజుకుంటుందని, మేం ప్రయోగాలు చేసి కనుక్కున్నామని, అందుకే నైలాన్ వాడామని, కొంచెం వదులు కూడా ఇచ్చామని. మేం అన్నాడు. నా వైపు చూడలేదు. వాళ్లలో ఒకాయన, వదులు ఎంత ఇచ్చారు అని అడిగాడు. లెక్చరర్ అప్పుడు నా వైపు తిరిగి, "ఎంత?" అన్నాడు. జొన్న గింజంత అని చెప్పాను. వాళ్లు ఆ మాట రాసుకున్నారు. ఇంకో రోజైతే ఆ 'మేం' మీద నేను వారం రోజులు నిద్రపోయేవాణ్ని కాదు. ఆ రోజు తిరుగు జీపులో ఒళ్లో పడవ ఉండగానే నిద్రపోయాను. గతుకుల్లో తల కడ్డీకి కొట్టుకున్నా మెలకువ రాలేదట, డ్రైవరు చెప్పాడు.

కోఠి దుకాణానికి నాలుగో ఉత్తరం రాయాల్సి వచ్చింది. రెండు రోజులు వాయిదా వేసి రాశాను. మీ సర్వోలలో ఏ లోపమూ లేదు, దారం నాది, ముడి నాది, ముందు రాసిన మూడు ఉత్తరాలలోని ఆరోపణలను వెనక్కి తీసుకుంటున్నాను అని మొదటి పేరాలో రాశాను. రెండో పేరాలో, అయినప్పటికీ ఫోన్ చేసిన మనిషి మాట పూర్తిగా వినకుండా ఆడుకోవడం నేర్చుకొమ్మని చెప్పడం వ్యాపారస్తులకు తగదని రాశాను. రెండు పేరాలూ నిజమే కాబట్టి రెండింటినీ ఒకే కవరులో పెట్టాను. దీనికీ జవాబు రాలేదు.

తర్వాతి సోమవారం లెక్చరర్ నన్ను తన గదికి పిలిచాడు. బల్ల మీద నా పొడిగింపు కాగితం ఉంది. ఆయన చదివినట్టు నటించి, కళ్లద్దాలు సర్దుకుని, "గా ఉపాయం ఎవరు చెప్పిండ్రు నీకు?" అని అడిగాడు. నాకే తోచిందని చెప్పొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా.

"మా అక్క చెప్పింది సార్. మగ్గం నేస్తది" అన్నాను.

"చదువుకుందా?"

"మూడో తరగతి."

ఆయన సిరా పెన్ను మూత తీసి, నా పేరు కింద పొడుగ్గా సంతకం పెట్టి, కాగితం నా వైపు తోశాడు. బయట ముసురు ఇంకా పడుతూనే ఉంది, కాగితం మెత్తబడి ఉంది, సిరా తొందరగా ఆరలేదు. మడవకుండా, ఎక్కడా తగలనివ్వకుండా రెండు చేతులతో వెడల్పుగా పట్టుకుని, అది ఆరేదాకా వరండాలో నిలబడ్డాను.